రాత్రి రైలు, పొద్దున కొలోన్



జర్మనీకి చదువుకోవడానికి వెళ్లబోతున్న పిల్లలతో ఇవాళ మాట్లాడాలనుకుంటున్నాను. వాళ్లని పంపిస్తున్న అమ్మానాన్నలు కూడా వింటే మంచిది. మన అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో అలాంటి పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పొద్దున జర్మన్ భాష క్లాసు. సాయంత్రం వీసా కాగితాల కోసం తిరుగుడు. రాత్రి ఎస్సార్ నగర్ మెస్‌లో భోజనం చేస్తూ, ఏ యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది, ఎవరికి రాలేదు అని మాటలు.

అమీర్‌పేటకీ జర్మనీకీ చుట్టరికం కొత్తది కాదు. అక్కడి మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా ఎన్నో ఏళ్లు శాప్ కోర్సుల బోర్డులు చూశాం. ఆ శాప్ కంపెనీ జర్మనీదే. 1972లో పుట్టింది. వాల్డార్ఫ్ అనే చిన్న ఊళ్లో దాని ప్రధాన కార్యాలయం. అప్పట్లో వాళ్ల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని మనవాళ్లు ఉద్యోగాలు తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ల భాషే నేర్చుకుని వాళ్ల ఊళ్లకు వెళ్తున్నారు.

వెళ్లే ముందు డబ్బు చూపించాలి కదా. జర్మనీ విద్యార్థి వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు పెట్టాలి. 2024 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న లెక్క ఇది. అక్కడికి వెళ్లాక అందులోంచి నెలకు 992 యూరోలు చేతికొస్తాయి. గది అద్దె అందులోంచే. ఆరోగ్య బీమా అందులోంచే. బియ్యం, పప్పు, ఫోను అన్నీ అందులోంచే. మరి ఊళ్లు చూడటానికి ఏం మిగులుతుంది? కొంచెమే మిగులుతుంది.

అయినా చూడాలి. ఈ మాట నేను గట్టిగానే చెప్తాను. గది, కాలేజీ, పార్ట్‌టైం పని, మళ్లీ గది. ఇలా రెండేళ్లు గడిచిపోయి, పక్కనున్న ఊరు కూడా చూడకుండా డిగ్రీ పట్టుకుని తిరిగొచ్చే పిల్లలున్నారు. అంత దూరం పంపించిన అమ్మానాన్నలు కోరుకున్నది డిగ్రీ ఒక్కటే అని నేను అనుకోను.

అందుకే ఇవాళ ఒక్క ఉపాయం చెప్తాను. ఒక్కటే. రాత్రి రైలెక్కండి, పొద్దున ఊళ్లో దిగండి. ఆ రాత్రి గది తీసుకోవద్దు. రైలు టికెట్టే ఆ రాత్రికి గది అద్దె అనుకోండి.

ఇది మనకి తెలియని సంగతా? గోదావరి ఎక్స్‌ప్రెస్‌ని తల్చుకోండి. 1974 నుంచీ నడుస్తోంది. సాయంత్రం హైదరాబాద్‌లో ఎక్కితే తెల్లారేసరికి విశాఖపట్నం. ఎన్ని కుటుంబాలు అలా వెళ్లాయి! రాత్రంతా ప్రయాణం, పొద్దున్నే పెళ్లి పందిట్లో. సెలవు పోలేదు. లాడ్జి ఖర్చు లేదు. మన అమీర్‌పేట హాస్టల్ అద్దెలోనే రెండు పూటల భోజనం కలిసి ఉంటుంది కదా, అలాగే రాత్రి రైలు టికెట్లో పడక కలిసి ఉంటుంది. దాన్ని విడిగా కొనక్కర్లేదు.

జర్మనీలో రాత్రి రైళ్లు ఉన్నాయా అంటే, ఉన్నాయి. జర్మన్ రైల్వే సంస్థ డాయిచె బాన్ 2016 డిసెంబరులో తన పడక రైళ్లు ఆపేసింది. వాటిలో చాలా దారుల్ని పక్కనున్న ఆస్ట్రియా రైల్వే తీసుకుంది. వాళ్ల రైళ్ల పేరు నైట్‌జెట్. వియన్నా నుంచి ఒకటి, ఇన్స్‌బ్రుక్, మ్యూనిక్ వైపు నుంచి ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తుంటాయి. రెండూ కొలోన్ మీదుగానే పోతాయి. అక్కడ ఏటా డిసెంబరు నడుమ టైంటేబుల్ మారుతుంది. అందుకని ఎక్కే ముందు కొత్త వేళలు ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు లెక్క. చెవిన పెట్టుకోండి, చాలా చిన్నది. పగటి రైలు టికెట్ ఎంతో చూడండి. బ్యాక్‌ప్యాకర్లు ఉండే హాస్టల్లో ఒక రాత్రి మంచం ఎంతో చూడండి. రెండూ కలపండి. రాత్రి రైలు బెర్తు అంతకన్నా తక్కువైతే ఎక్కండి. చాలా ఎక్కువైతే మానేయండి. మళ్లీ చెప్తాను. పగటి టికెట్, ఒక రాత్రి మంచం. ఈ రెండూ కలిపి రాత్రి బెర్తుతో పోల్చండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలామంది విద్యార్థుల దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటుంది. నెలవారీ పాసు అది. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది. 2025 జనవరిలో 58 అయింది. 2026 జనవరి నుంచి 63. ఆ పాసుతో దేశమంతా ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు, ట్రాములు ఎక్కొచ్చు. వేగంగా పోయే ఐసీఈ, ఐసీ రైళ్లు ఎక్కకూడదు. కాబట్టి పగటి టికెట్ మాకు ఊరికే వచ్చినట్టే కదా అంటారు పిల్లలు. నిజమే. కానీ మ్యూనిక్ నుంచి కొలోన్‌కి ప్రాంతీయ రైళ్లలో వెళ్తే దాదాపు పగలంతా పోతుంది. రైళ్లు మారాలి. ఒకటి ఆలస్యమైతే రెండోది తప్పిపోతుంది. శని, ఆదివారాలు రెండే ఖాళీగా ఉన్న విద్యార్థికి ఆ పోయిన పగలు కూడా ఖర్చే.

ఆ పాసుతోనే రాత్రిపూట బయల్దేరేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి నా మాట ఒకటే. అలా వెళ్లకండి. అర్ధరాత్రి దాటాక చాలా దారుల్లో ప్రాంతీయ రైళ్లు ఆగిపోతాయి. మళ్లీ తెల్లవారుజామునే కదులుతాయి. ఈ మధ్యలో ఏ చిన్న స్టేషన్లోనో చిక్కుకుంటారు. చలికాలంలో ప్లాట్‌ఫారం మీద ఆ మూడు నాలుగు గంటలు మామూలు చలి కాదు. డబ్బు మిగులుతుందేమో గానీ, ఒళ్లు పాడవుతుంది. నేను చెప్తున్న రాత్రి రైలు అంటే బెర్తు ఉన్న రైలు.

నైట్‌జెట్‌లో మూడు రకాల చోటు ఉంటుంది. మొదటిది కూర్చునే సీటు. ఇది చవక. కానీ రాత్రంతా కూర్చుని వెళ్తే పొద్దున ఊరు చూసే ఓపిక ఉండదు. అది గది అద్దె కింద లెక్కకు రాదు. మూడోది స్లీపర్ గది. అది ఖరీదు. మనకి కావాల్సింది మధ్యది. జర్మన్‌లో దాన్ని లీగెవాగన్ అంటారు. ఒక కూపేలో నాలుగో, ఆరో బెర్తులుంటాయి. దుప్పటి, దిండు ఇస్తారు. పొద్దున చిన్న టిఫిన్ ఇస్తారు. తలుపు లోపల్నుంచి గడియ పెట్టుకోవచ్చు. ఆడపిల్లలు టికెట్ కొనేటప్పుడే ఆడవాళ్ల కూపే అడగొచ్చు. తప్పకుండా అడగండి. ధరలు మాత్రం మన విమానం టికెట్లలాగా రోజూ మారతాయి. నెలల ముందే కొంటే చవక. రేపు ప్రయాణం అనగా కొంటే ఈ ఉపాయం పనిచేయదు.

ముక్కూమొహం తెలియని ఐదుగురితో ఒక చిన్న గదిలో పడుకోవడమా అని అమ్మలకి బెంగ ఉంటుంది. అమ్మా, మీ అబ్బాయి అమీర్‌పేటలో ఫోర్ షేరింగ్ గదిలో ఆరు నెలలు ఉన్నవాడు. పక్క మంచంవాడి అలారం మోగినా నిద్రపోవడం వాడికి వచ్చు. బాత్రూం దగ్గర వరస కట్టడం వచ్చు. పర్సు, ఫోను తలగడ కింద పెట్టుకోవడం వచ్చు. రాత్రి రైలుకు కావాల్సిన చదువు వాడు ఇక్కడే చదివేశాడు.

అసలు ఇలా పదిమందీ ఒక గదిలో చవకగా పడుకుంటూ ఊళ్లు తిరగడం అనే ఏర్పాటు పుట్టిందే జర్మనీలో. రిషార్డ్ షిర్మన్ అని ఒక బడిపంతులు. పిల్లల్ని తీసుకుని కాలినడకన ఊళ్లు తిప్పేవారు. 1909 ఆగస్టులో ఒకరోజు దారిలో పెద్ద గాలివాన. ఒక ఊరి బడిలో తలదాచుకున్నారు. గడ్డి పరుచుకుని పిల్లలు పడుకున్నారు. మాస్టారుకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సెలవుల్లో ప్రతి ఊళ్లోనూ బడి ఖాళీగానే ఉంటుంది కదా, నడిచొచ్చే పిల్లలకు అందులో పడక ఎందుకు ఇవ్వకూడదు అనుకున్నారు. 1912లో ఆల్టెనా అనే ఊళ్లో, పాత కోటలో, ప్రపంచంలోనే మొదటి యూత్ హాస్టల్ తెరిచారు. ఆ కోట ఇప్పటికీ ఉంది. నాటి మంచాల గదిని మ్యూజియంగా చూపిస్తారు. డబ్బులేని పిల్లలు కూడా తమ దేశాన్ని చూడాలని ఒక పంతులు పట్టుబట్టారు. ప్రపంచమంతా ఇవాళ ఉన్న యూత్ హాస్టళ్లు అక్కడి నుంచి వచ్చినవే. చవకగా తిరిగే పిల్లవాడు ఎక్కడా తల దించుకోనక్కర్లేదు.

ఇప్పుడు కొలోన్‌కి వద్దాం. రాత్రి రైలుకి ఈ ఊరే ఎందుకు చెప్తున్నానంటే, స్టేషన్లోంచి బయట అడుగుపెడితే చాలు, చూడాల్సింది ఎదురుగా ఉంటుంది. బస్సు అక్కర్లేదు. దారి అడగక్కర్లేదు. తలెత్తితే కెథడ్రల్ అనే పెద్ద చర్చి. 157 మీటర్ల ఎత్తు. 1880లో పూర్తయినప్పుడు ప్రపంచంలో అంత ఎత్తు కట్టడం ఇంకొకటి లేదు.

దీని కథ వినండి. 1248లో పునాది వేశారు. మన ఓరుగల్లులో గణపతిదేవుడు పాలిస్తున్న కాలం. మూడు వందల ఏళ్లు కట్టారు. తర్వాత డబ్బు తగ్గింది, ఆసక్తీ తగ్గింది. పదహారో శతాబ్దంలో పని ఆగిపోయింది. సగంలో ఆగిన దక్షిణ గోపురం మీద రాళ్లు ఎత్తే చెక్క క్రేన్ ఒకటి ఉండిపోయింది. ఎవరూ దించలేదు. 1591లో మన చార్మినార్ కట్టేనాటికి ఆ క్రేన్ అక్కడే ఉంది. ఆ ఊరి బొమ్మ ఎవరు గీసినా క్రేన్‌తో సహా గీసేవాళ్లు. 1814లో డార్మ్‌స్టాట్ అనే ఊళ్లో పాత నక్షా ఒకటి దొరికింది. కెథడ్రల్ ముఖభాగం ఎలా ఉండాలో మధ్యయుగంలోనే గీసి పెట్టిన నక్షాలో సగం అది. మిగతా సగం తర్వాత పారిస్‌లో దొరికింది. 1842లో మళ్లీ పని మొదలైంది. 1868లో ఆ పాత క్రేన్ దించారు. 1880కి పూర్తయింది. పునాది నుంచి పూర్తయ్యేదాకా 632 ఏళ్లు! ఇంకో విచిత్రం. పక్కన స్టేషన్ 1859లోనే వచ్చింది. అంటే గోపురాలు లేవకముందే ఆ ఊరికి రైలు వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధంలో కొలోన్ మీద ఘోరంగా బాంబులు పడ్డాయి. పాత ఊరు చాలావరకు కూలిపోయింది. కెథడ్రల్‌కీ దెబ్బలు తగిలాయి. కానీ పడిపోలేదు. లోపలికి వెళ్తే దక్షిణం వైపు పెద్ద కిటికీ ఒకటి ఉంటుంది. గెర్హార్డ్ రిక్టర్ అనే చిత్రకారుడు చేశారు. 2007లో పెట్టారు. 72 రంగుల చదరపు గాజు పలకలు, వేలకొద్దీ. ఎండ పడినప్పుడు నేల మీద రంగులు పరుచుకుంటాయి. ఓపిక ఉంటే గోపురం ఎక్కండి. 533 మెట్లు. లిఫ్టు లేదు.

పెద్దవాళ్లకి ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. జ్వరం వస్తే గుడ్డ తడిపి నుదుటి మీద వేసే ఓడికొలోన్. అది పుట్టింది ఈ ఊళ్లోనే. 1709లో మొదలైన ఫారినా అనే సెంటు వ్యాపారం ఇప్పటికీ నడుస్తోంది.

సరే, ఊరు బాగుంది. కానీ రైలు దిగేసరికి ఇంకా తెల్లవారుజామే. రాత్రి రైలులో మిగిల్చిన డబ్బు చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. నిద్రమత్తులో ఉంటారు. బ్యాగు బరువు. ఎక్కడో ఒకచోట పడుకోవాలనిపిస్తుంది. అప్పటికప్పుడు హోటల్ గది తీసుకుంటారు. ఇక లెక్క ఎక్కడ నిలుస్తుంది? అందుకని రాత్రికి బెర్తు కొన్నట్టే, పొద్దుటి మొదటి మూడు గంటలు కూడా ముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఈ ఒక్కటీ చేస్తే చాలు, మిగతా రోజు దానంతటదే నడుస్తుంది.

మొదట, రైల్లోనే పళ్లు తోముకోండి, మొహం కడుక్కోండి. స్టేషన్ వచ్చే ముందు అటెండెంట్ లేపుతారు. అప్పటికి లేస్తే బాత్రూం దగ్గర వరస ఉంటుంది. ఓ పావుగంట ముందే లేవండి. స్టేషన్లో టాయిలెట్‌కి డబ్బులు కట్టాలి. జేబులో చిల్లర ఉంచుకోండి.

తర్వాత బ్యాగు దించుకోవాలి. కొలోన్ స్టేషన్లో లాకర్ల ఏర్పాటు భలే ఉంటుంది. గోడలో ఒక తలుపు తెరుచుకుంటుంది. బ్యాగు పెట్టి డబ్బు కడితే యంత్రం దాన్ని కింద నేలమాళిగలోకి తీసుకుపోతుంది. మీకొక కార్డు వస్తుంది. ఆ కార్డు పోగొట్టుకోకండి. సాయంత్రం కార్డు పెడితే మీ బ్యాగు పైకొస్తుంది. భుజం మీద బరువు పోతే సగం అలసట అక్కడే పోతుంది.

అప్పుడు టిఫిన్. స్టేషన్లో బేకరీలు తెల్లవారుజామునే తెరుస్తారు. వేడి కాఫీ, ఒక రొట్టె. ఆదివారం అయితే బయట సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, ఇది జర్మనీ అంతటా ఉన్న నియమం. స్టేషన్లోవి మాత్రం తెరిచి ఉంటాయి. గదిలో పులిహోర కలుపుకుని డబ్బాలో తెచ్చుకుంటే ఇంకా మంచిది. మధ్యాహ్నం ఖర్చూ తప్పుతుంది. కుళాయి నీళ్లు అక్కడ నిశ్చింతగా తాగొచ్చు, సీసా నింపుకోండి.

కెథడ్రల్ పొద్దున్నే ప్రార్థనలకు తెరుస్తారు. చూడటానికి వచ్చేవాళ్లు కాస్త ఆగి వెళ్లడం మర్యాద. ఈలోగా కెథడ్రల్ వెనకవైపుకి నడవండి. హోహెన్‌జోలెర్న్ వంతెన వస్తుంది. 1911 నాటిది. రైన్ నది మీద రైళ్లు ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉంటాయి. పక్కనే నడిచే దారి. ఆ కంచెకి ప్రేమికులు వేసిన తాళాలు లెక్కలేనన్ని. అవతలి ఒడ్డుకి వెళ్లి వెనక్కి తిరిగి చూడండి. తెల్లవారే వేళ గోపురాలు, వంతెన, నది కలిసి కనిపించేది అక్కడి నుంచే. అందుకు టికెట్ లేదు.

ఒక జాగ్రత్త. రాత్రి రైలు దిగిన పొద్దున పరీక్ష, ఇంటర్వ్యూ, ఆఫీసులో అపాయింట్‌మెంట్ లాంటివి పెట్టుకోకండి. అక్కడి రైళ్లు కూడా ఆలస్యమవుతాయి, బాగానే ఆలస్యమవుతాయి. గంట దాటితే టికెట్ ధరలో పావు వంతు, రెండు గంటలు దాటితే సగం వెనక్కి అడిగే హక్కు యూరప్ ప్రయాణికులకి ఉంది. మొహమాటపడకుండా అడగండి. ఇంకోటి, వియన్నా వైపు నుంచి వస్తే రైలు సరిహద్దు దాటుతుంది. అర్ధరాత్రి పోలీసులు తనిఖీ చేయొచ్చు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు పెద్ద బ్యాగు అడుగున పెట్టకండి. చేతికందేలా ఉంచుకోండి.

ఇదంతా జర్మనీ వెళ్లాకే నేర్చుకోవాలా? అక్కర్లేదు. ఇక్కడే ఒకసారి చేసి చూడండి. కాచిగూడ నుంచి మన్మాడ్ వెళ్లే అజంతా ఎక్స్‌ప్రెస్ ఉంది. సాయంత్రం ఎక్కితే తెల్లవారుజామున ఔరంగాబాద్. ఇప్పుడా ఊరి పేరు ఛత్రపతి శంభాజీనగర్. 1956 దాకా అది మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. స్టేషన్ క్లోక్ రూంలో బ్యాగు పెట్టండి, తాళం వేసి ఉంటేనే తీసుకుంటారు. టిఫిన్ చేసి బస్సెక్కండి. ముప్పై కిలోమీటర్లలో ఎల్లోరా. ఒకే కొండని పైనుంచి కిందికి తొలిచి చేసిన కైలాస ఆలయం. మంగళవారం మాత్రం వెళ్లకండి, మూసేస్తారు. తిరుగు రైలు కూడా రాత్రిదే. గది తీసుకోకుండా, ఒక పగలంతా చూసి, తెల్లారి హైదరాబాద్ వచ్చేయొచ్చు. జర్మనీ వెళ్లని పిల్లలకు కూడా ఇది పనికొచ్చే ప్రయాణమే.

చివరగా తిరుగు దారి గురించి. కొలోన్ నుంచి వెనక్కి మాత్రం రాత్రి రైలెక్కొద్దు. పగలు రండి. ఎందుకంటే రాత్రి రైలు చీకట్లో దాటేసే దారిలోనే రైన్ లోయ ఉంది. కోబ్లెంజ్ నుంచి బింగెన్ దాకా నదికి రెండు వైపులా కొండలు, ద్రాక్షతోటలు, ప్రతి మలుపులో ఒక కోట. 2002లో యునెస్కో జాబితాలో చేరింది. కౌబ్ దగ్గర నది మధ్యలోనే ఒక కోట ఉంటుంది. ఒకప్పుడు పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి కట్టారు. ఆ దారిలో నది ఒడ్డునే ప్రాంతీయ రైలు నడుస్తుంది. మీ నెలవారీ పాసు చెల్లుతుంది, వేరే టికెట్ అక్కర్లేదు. కోబ్లెంజ్‌లో మైన్జ్ వెళ్లే రైలెక్కి, రైలు పోయే దిక్కుకి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. నది అటే ఉంటుంది.